‘మేము’ అనే మాట వెనుక: వివేక్ శానభాగ్ నవల ‘ఘాచర్ ఘోచర్’

కుటుంబ రహస్యాల నవల అనగానే తెలుగు పాఠకుల మనసులో ఒక అచ్చు సిద్ధంగా ఉంటుంది. వారపత్రికల్లో సీరియళ్లు వచ్చిన రోజుల నుంచి మనకు అలవాటైన అచ్చు అది. బీరువా అడుగున ఒక పాత ఉత్తరమో, లాయరు దగ్గర ఒక వీలునామానో, ఎవరి పెంపకంలోనో పెరుగుతున్న ఒక బిడ్డో ఉంటుంది. ఆఖరి రెండు వారాల్లో అది బయటపడుతుంది. అంతవరకూ అంతుపట్టని మనుషులందరూ ఒక్కసారిగా అర్థమైపోతారు. కన్నడ రచయిత వివేక్ శానభాగ్ 2013లో వెలువరించిన ‘ఘాచర్ ఘోచర్’ను ఆ అలవాటుతో తెరిచినవారు సగం దూరం వెళ్లాక కూడా ఆ ఉత్తరం కోసమే వెతుక్కుంటూ ఉంటారు. నేనూ వెతికాను. ఈ నవలలో దాచిపెట్టిన వస్తువంటూ ఏదీ లేదు. ఆ ఇంట్లో జరిగేదంతా ఆ ఇంట్లోని అందరికీ తెలుసు. తెలిసినదాన్ని ఎవరూ పైకి అనరు, అనకపోవడమే వాళ్లను ఒక్కటిగా పట్టి ఉంచుతుంది, ఆ పట్టు ఏ ధరకు దొరికిందో పాఠకుడు మెల్లగా, దాదాపు తనంతట తానే, లెక్కగట్టుకోవాలి.

శానభాగ్ వృత్తిరీత్యా ఇంజనీరు. ‘దేశ కాల’ అనే సాహిత్య పత్రికను కొన్నేళ్లపాటు నడిపిన సంపాదకుడు కూడా. ఈ నవలను శ్రీనాథ్ పేరూర్ ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ అనువాదం 2015లో మన దేశంలోనూ, తర్వాత అమెరికా, బ్రిటన్‌లలోనూ వెలువడి, కన్నడ సాహిత్యం బయటివారికి పరిచయమైన తీరులో ఒక మలుపుగా నిలిచింది. నేను చదివింది ఆ అనువాదమే. మొత్తం 120 పుటలకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఒక మధ్యాహ్నంలో ముగిసిపోవలసిన పుస్తకం నాకు మూడు రోజులు పట్టింది. వాక్యాలు కష్టమై కాదు, అవి మరీ తేలికగా ఉండడం వల్లనే. ఇంత సులువుగా మాట్లాడుతున్న మనిషి ఇప్పుడే ఏదో దాటవేశాడని అనుమానం వచ్చి వెనక్కి వెళ్లవలసి వచ్చేది.

కథ బెంగళూరులోని ఒక కాఫీ హౌస్‌లో మొదలవుతుంది. ఎత్తైన పైకప్పుతో, పాతకాలపు మర్యాదతో ఉండే ఆ చోటికి కథకుడు ఇంటి నుంచి తప్పించుకుని వచ్చి కూర్చుంటాడు. అతనికి పేరు లేదు. అక్కడ విన్సెంట్ అనే సర్వర్ ఉంటాడు. అతను అనే మామూలు మాటల్లో కూడా కథకుడికి ఏదో జ్ఞానబోధ వినిపిస్తూ ఉంటుంది, తన చిక్కులన్నీ అతనికి ముందే తెలుసన్న నమ్మకం కూడా కలుగుతుంది. బెంగళూరు ఎం.జి. రోడ్డులోని పాత ఇండియా కాఫీ హౌస్‌ను ఎరిగినవారికి (అది 2009లో అక్కడ మూతపడి చర్చ్ స్ట్రీట్‌కు మారింది) ఆ వాతావరణం ఇట్టే పట్టుబడుతుంది. అయితే ఈ చోటు నవలలో అలంకారం కోసం రాలేదు. తన మనసులోని మాట చెప్పుకోవడానికి ఇంట్లో ఒక్క మనిషీ లేనివాడు, బిల్లు తెచ్చే మనిషిని గురువుగా చేసుకున్నాడు. ఆ ఇంటి పరిస్థితి గురించి మనకు అందే మొదటి సమాచారం అదే, అది కూడా అతను చెప్పింది కాదు.

తర్వాత కథ వెనక్కి, కుటుంబం పేదరికంలో ఉన్న రోజుల్లోకి వెళుతుంది. నా దృష్టిలో నవలలో అన్నిటికంటే గొప్ప భాగం ఇదే. నాలుగు గదులూ రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న ఇరుకు ఇల్లు. తండ్రి సేల్స్‌మన్, ఊరంతా తిరిగి సరుకు వేసి, వసూళ్లు చేసి, రాత్రికి లెక్క అప్పజెప్పవలసిన మనిషి. లెక్క తేలని రోజున ఇంటిల్లిపాదీ ఆ కాగితాల చుట్టూ కూర్చుని, కూడికలు మళ్లీ మళ్లీ చేస్తూ, తేడా ఎక్కడుందో దొరికేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉంటారు. జీతం ఒక్కటే, అందులోంచే అన్నీ జరగాలి, కాబట్టి ఇంట్లోకి ఏ వస్తువు రావాలన్నా అది అందరి నిర్ణయం అవుతుంది. గ్యాస్ పొయ్యి రావడం ఆ ఇంట్లో ఒక పండుగ. ఆ పుటలు చదువుతున్నప్పుడు, గ్యాస్ కనెక్షన్ కోసం పేరు నమోదు చేయించుకుని సంవత్సరాల తరబడి ఎదురుచూసిన తరం వారు ఎవరైనా తమ వంటింటినే చూసుకుంటారు. అక్కడ రహస్యాలకు చోటే లేదు. గోడలు పల్చన, గదులకు తలుపులు నామమాత్రం, జేబులు ఖాళీ. ఒకరి కోరిక మరొకరికి తెలియకుండా ఉండే వీలు లేదు, ఒకరి మాట కాదని మరొకరు ఖర్చు పెట్టే వీలూ లేదు. ఆ బీదతనాన్ని రచయిత అందంగా చూపించలేదు. కానీ ఆ రోజుల్లో వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసి మాట్లాడుకునేవారని మాత్రం మనకు తెలిసేలా చేశాడు.

ఆ ఇంటికి చీమల బెడద ఉంటుంది. కిటికీలోంచి, గోడ పగుళ్లలోంచి, నేల సందుల్లోంచి వచ్చే చీమలతో తల్లి నిత్యం యుద్ధం చేస్తూ ఉంటుంది. క్రమంగా ఆ యుద్ధంలో ఇంట్లో అందరూ చేరతారు. చంపడం మొదట అవసరంగా ఉండి, తర్వాత అలవాటై, ఆపైన కొంచెం సరదాగా కూడా మారుతుంది. చదివేటప్పుడు ఇది ఇరుకు ఇళ్ల మామూలు బాధే కదా అనిపించి ముందుకు సాగిపోతాం. నేనూ అలాగే సాగిపోయాను. నవల పూర్తయ్యాక ఆ నాలుగైదు పుటల దగ్గరికి తిరిగి వచ్చి చూస్తే, కథంతా అక్కడే జరిగిపోయిందనిపించింది.

తండ్రి ఉద్యోగం ఊడుతుంది. స్వచ్ఛంద విరమణ అనే గౌరవమైన పేరుతో పంపించేస్తారు. ఆ వచ్చిన డబ్బును పెట్టుబడిగా పెట్టి అతని తమ్ముడు, అంటే కథకుడి బాబాయి వెంకటాచల, ‘సోనా మసాలా’ అనే వ్యాపారం మొదలుపెడతాడు. కేరళ నుంచి మసాలా దినుసులు టోకున తెప్పించి, చిన్న చిన్న పొట్లాలు కట్టి, నగరంలోని కిరాణా కొట్లకు వేయడం ఆ వ్యాపారం. అందులో అద్భుతమేమీ లేదు. బస్తా ధరకూ పొట్లం ధరకూ మధ్య ఉన్న తేడాయే లాభం. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత మన నగరాల్లో ఇలా చిల్లర సరుకును సంచుల్లోకి మార్చి నిలదొక్కుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి వివరించవలసిన పని లేదని రచయితకు తెలుసు; రెండు మూడు పేరాల్లో ముగించాడు. అతని ఆసక్తి అంతా లాభం ఇంట్లోకి వచ్చిన తర్వాత ఏం జరుగుతుందన్న దాని మీదే.

జరిగేది ఇది. వాళ్లు నగరానికి మరో వైపున పెద్ద ఇంటికి మారతారు. గదులు ఎక్కువవుతాయి, సామాను పోగుపడుతుంది, ఎవరి తలుపు వారికి వస్తుంది. సంపాదించే మనిషి బాబాయి ఒక్కడే కాబట్టి ఇల్లు మొత్తం అతని చుట్టూ తిరగడం మొదలవుతుంది. అతను నిద్రలేచే వేళకు టీ, అతను కూర్చునే వేళకు వేడి టిఫిన్, అతని మాటకు ముందే నవ్వు. ఇలా ఉండాలని ఎవరూ ఎవరికీ చెప్పరు. తల్లి, కూతురు, కొడుకు ముగ్గురూ ఎవరికి వారు ఆ సంగతి గ్రహించి సర్దుకుంటారు. పెళ్లి చేసుకోని మరిది కోసం వదిన పడే ఆరాటంలో ప్రేమ ఎంత, లెక్క ఎంత అని విడదీయడం ఎవరి తరమూ కాదు. విడదీయడానికి నవల ప్రయత్నించదు కూడా. అక్కడే నాకు ఈ రచయిత మీద గురి కుదిరింది. ఈ కుటుంబం దుర్మార్గుల గుంపు అయి ఉంటే మనం దూరంగా నిలబడి తీర్పు చెప్పి పుస్తకం మూసేసేవాళ్లం. వీళ్లు ఒకరికొకరు కావలసినవాళ్లు. వీళ్లకు భయం ఉంది. పాత ఇంటికి తిరిగి వెళ్లవలసి వస్తుందేమో అన్న భయం.

ఆ భయం ఎక్కువగా తండ్రి మీదికి మళ్లుతుంది. వ్యాపారంలో అతనికి వాటా ఉంది, మనిషి కాస్త విడ్డూరపు నిజాయితీ గలవాడు, ఒక మంచిరోజు చూసి తన వాటా మొత్తం ఏ ధర్మకార్యానికో రాసిచ్చేస్తాడేమో అని ఇంట్లో వాళ్లకు గుబులు. చట్టం తెలిసిన పాఠకుడికి ఆ గుబులు అర్థం లేనిదిగా అనిపించదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోతే భార్యాబిడ్డలకు వాటా వస్తుంది. తన సొంత ఆస్తిని మాత్రం మనిషి బతికుండగా వీలునామా ద్వారా ఎవరికైనా రాసే హక్కు ఉంది. అంటే ఆ ఇంటి సుఖమంతా ఒక ముసలాయన మనసు మారకపోవడం మీద ఆధారపడి ఉంది. ఇక్కడ కూడా రచయిత వీలునామాను కథను మలుపు తిప్పే యంత్రంగా వాడుకోలేదు. దాని నీడ మాత్రం భోజనాల బల్ల మీద పడుతూ ఉంటుంది, తండ్రి కుర్చీ లాక్కుని కూర్చున్నప్పుడల్లా మిగిలినవాళ్ల మాటల్లో ఒక జాగ్రత్త వచ్చి చేరుతుంది.

ఇక కథకుడు. అతను సోనా మసాలాలో డైరెక్టరు. చేసే పని లేదు. ఆఫీసుకు వెళతాడు, పేపరు చదువుతాడు, వచ్చేస్తాడు. నెల తిరిగేసరికి బాబాయి అతని ఖాతాలో జీతం వేస్తాడు. ఇంత మాత్రమే అయితే అతన్ని సోమరి అని వదిలేయవచ్చు. కానీ అతనికి తన స్థితి పూర్తిగా తెలుసు, దాన్ని చక్కని భాషలో, కొంత హాస్యంతో, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పగలడు. ఆ చెప్పే నేర్పే అతని తప్పించుకునే నేర్పు. ఉత్తమ పురుషలో సాగే కథలో పాఠకుడు సహజంగానే ‘నేను’ అన్నవాడి పక్షం వహిస్తాడు. శానభాగ్ ఆ అలవాటును ఆసరాగా తీసుకుని మనల్ని ఆ ఇంట్లో ఏడో మనిషిగా కూర్చోబెడతాడు. కథకుడు ఒక విషయం దాకా వచ్చి, సరిగ్గా దాని గుమ్మం ముందు ఆగి, మరో పాత జ్ఞాపకంలోకి మళ్లిపోతే, మనం కూడా అతనితో పాటు మళ్లిపోతాం. ఆ జ్ఞాపకం ఆసక్తిగా ఉంటుంది కాబట్టి వదిలేసిన విషయాన్ని అడగడం మరిచిపోతాం. నవల చివరికి వచ్చాక, మనం ఎన్నిసార్లు అడగడం మరిచిపోయామో గుర్తొచ్చి కొంచెం సిగ్గు వేస్తుంది. చిన్న నవలల్లో ఇంత నిశ్శబ్దంగా పాఠకుణ్ణి దోషిగా నిలబెట్టిన రచన నేను ఈ మధ్య చదవలేదు.

ఒక సన్నివేశం దగ్గర మాత్రం ఆ నిశ్శబ్దం పగులుతుంది. బాబాయిని వెతుక్కుంటూ ఒక స్త్రీ ఇంటికి వస్తుంది. అతనికి ఇష్టమైన మసూర్ పప్పు కూర వండి గిన్నెలో తెస్తుంది. ఆమె ఎవరు, అతనితో ఆమెకు ఉన్న సంబంధం ఎలాంటిది అని గుమ్మంలో ఎవరూ అడగరు, అడగవలసిన అవసరం లేకుండానే అందరికీ అర్థమవుతుంది. తల్లీ కూతురూ కలిసి ఆమె మీద విరుచుకుపడి, అనరాని మాటలు అని తరిమేస్తారు. కూర నేలపాలవుతుంది. ఎవరి కోసం ఆమె వచ్చిందో ఆ మనిషి ఇంట్లోనే ఉండి బయటికి రాడు. ఈ కొద్ది పుటల్లో రచయిత చూపిన సంయమనం గురించి ఎంత చెప్పినా తక్కువే. తిట్లకంటే ఎక్కువగా నన్ను పట్టుకున్నది ఆ కూర. బయటి నుంచి వచ్చిన ఒక మనిషికి ఈ ఇంట్లోని మగవాడి ఇష్టాయిష్టాలు తెలుసు, అతనికి ఏ రుచి నచ్చుతుందో తెలుసు. అతనికి వేళకు వండిపెట్టడం వల్లనే ఇంట్లో తన స్థానాన్ని నిలబెట్టుకుంటున్న వదినకు అంతకంటే పెద్ద ప్రమాదం ఏముంటుంది? దొంగను చూసి కూడా ఆ ఇంట్లో అంత భయపడి ఉండేవారు కాదు.

మాలతి, అంటే కథకుడి తోబుట్టువు, ఈ నవలలో నాకు పూర్తిగా కళ్లకు కట్టిన పాత్ర. డబ్బు వచ్చిన తర్వాత అట్టహాసంగా ఆమె పెళ్లి చేస్తారు. భర్త చీరల కొట్టు యజమాని. ఆమె అక్కడ నిలవదు, పుట్టింటికి వచ్చేస్తుంది. తన బంగారం తెచ్చుకోవడానికి ఆమె మనుషుల బలగంతో వెళ్లిన తీరును కథకుడు పెద్ద విశేషమేమీ కానట్టు చెప్పుకుపోతాడు. మన ఇళ్లలో కూడా పెద్దమనుషుల పంచాయితీ విఫలమైన చోట ఇలాంటివి జరుగుతాయి గదా అని మనమూ తల ఊపుతాం. కానీ ఆ బలగం ఎక్కడి నుంచి వచ్చింది? మసాలా పొట్లాలు అమ్మే ఇంటికి అవసరమైన వేళకు అలాంటి మనుషులు ఎలా అందుబాటులో ఉంటారు? కథకుడు ఆ ప్రశ్న వేసుకోడు. ఈ వివరం ఇక్కడ ఇలా పడి ఉండడం ఎంత ముఖ్యమో తెలిసేసరికి పుస్తకంలో మిగిలిన పుటలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి.

అనిత కోడలిగా వచ్చేది ఈ ఇంట్లోకి. ఆమె హైదరాబాదు అమ్మాయి, అధ్యాపకుడి కూతురు. మాట సూటిగా అనే ఇంట్లో పెరిగింది. భర్తకు ఉద్యోగం అంటూ ఏమీ లేదని, అతను తెచ్చే ప్రతి కానుకా బాబాయి డబ్బేనని ఆమెకు తెలిసిన రోజున వాళ్ల కాపురంలో ఒక సన్నని పగులు వస్తుంది. ఆమె దాన్ని కప్పిపుచ్చదు. నవలకు పేరైన మాట కూడా ఆమె వెంట వచ్చిందే. ‘ఘాచర్ ఘోచర్’ కన్నడం కాదు, ఏ భాషా కాదు. ఆమె తోడబుట్టినవాడు చిన్నప్పుడు చిక్కుపడిన గాలిపటం దారాన్ని విప్పబోయి విప్పలేక పుట్టించిన మాట. సంక్రాంతి రోజుల్లో హైదరాబాదు డాబాల మీద మాంజాతో కుస్తీ పట్టిన ఎవరికైనా ఆ మాట అర్థం చెప్పనక్కర్లేదు. తెలుగులో చిక్కుముడి అనవచ్చు గానీ, చిక్కుముడిలో ఎక్కడో ఒక కొస ఉందన్న ఆశ ఉంటుంది. ఈ పిల్లల మాటలో ఆ ఆశ కూడా లేదు. పుట్టింట్లో నలుగురికి మాత్రమే తెలిసిన ఆ మాటను ఆమె కొత్త పెళ్లికూతురిగా భర్తకు చెబుతుంది. ఒక కుటుంబం తన సొంతానికి దాచుకున్న మాట మరో కుటుంబంలోకి ఇలా నవ్వుతూ చేరడం నవలలో ఉన్న ఒకే ఒక్క నిష్కల్మషమైన రహస్యం. ఆ తర్వాత దాన్ని కథకుడు ఏ సందర్భంలో గుర్తు చేసుకుంటాడన్నది నేను ఇక్కడ చెప్పకూడదు.

ముగింపు గురించి కూడా నేను చెప్పబోయేది తక్కువ. ఒక దశలో ఇంటిల్లిపాదీ కూర్చుని పత్రికల్లో వచ్చే నేరాల గురించి, అవి ఎంత తేలికగా జరిగిపోతాయన్న దాని గురించి, మామూలు కబుర్ల మాదిరిగా మాట్లాడుకుంటారు. ఆ సంభాషణలో ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోరు. అలా అనడానికి ఆధారం ఉంది. దానికి విరుద్ధంగా అనడానికీ అంతే ఆధారం ఉంది. చాలామంది పాఠకులు ఇక్కడ రచయిత తమను మోసం చేశాడని చిరాకు పడతారని నాకు తెలుసు. ఏదో ఒకటి తేల్చి చెప్పవలసిందని వారి ఫిర్యాదు. నేను ఆ ఫిర్యాదుతో ఏకీభవించను. తేల్చి చెప్పగల మనిషి అయితే కథకుడు ఇంతకాలం ఆ ఇంట్లో అలా ఉండేవాడే కాదు. మాట పూర్తి చేయకపోవడం అతని స్వభావం, ఆ స్వభావమే ఆ ఇంటి చట్టం. నవల కూడా ఆ చట్టానికి లోబడి ఆగిపోతుంది.

లోపాలు లేవని కాదు. విన్సెంట్ పాత్ర మొదటి అధ్యాయంలో ఎంత ముచ్చటగా ఉంటుందో, తిరిగి తిరిగి వచ్చేసరికి అంత పనిముట్టులా కనబడుతుంది. అతను నోరు తెరిచిన ప్రతిసారీ ఏదో గూఢార్థం ఉందని సిద్ధమై కూర్చోవడం కొంత విసుగు తెప్పిస్తుంది. అదంతా కథకుడి భ్రమే అని సర్దిచెప్పుకోవచ్చు, అయినా ఒకటి రెండు చోట్ల ఆ భ్రమ రచయితది కూడానేమో అనిపించింది. స్త్రీల కోసం పనిచేసే సంస్థలో ఉన్న చిత్ర అనే యువతి మొదటి పుటల్లో కథకుడి స్నేహితురాలిగా పరిచయమవుతుంది. ఇళ్లలో స్త్రీలకు జరిగే హింస గురించి ఆమె కోపంతో చెప్పేవి, అతను వినీ విననట్టు వినేవి, రానున్న కథకు పునాది వేస్తాయి. ఆమె త్వరగానే కనుమరుగవుతుంది. కథకుడు జనాన్ని జీవితంలోంచి ఇలాగే జారవిడుస్తాడని చూపడానికే కావచ్చు, కానీ ఆ గొంతు ఇంకొంచెం సేపు వినబడి ఉంటే ఇంటి లోపలి నిశ్శబ్దం ఇంకా గట్టిగా తాకేది.

ఇంతకంటే పెద్ద అభ్యంతరం ఒకటి ఉంది, దాని మీద నా అభిప్రాయం రెండోసారి చదివాక కూడా స్థిరపడలేదు. ఈ నవలలో పైకి కనబడే క్రౌర్యమంతా ఆడవాళ్ల నోటి నుంచే వస్తుంది. గుమ్మంలో తిట్టేది వాళ్లే, కోడలిని సూటిపోటి మాటలతో కుళ్లబొడిచేది వాళ్లే. మగవాళ్లు లోపలి గదిలో ఉంటారు, పేపరు చదువుతారు, కాఫీ హౌస్‌కు వెళతారు. ఆడదానికి ఆడదే శత్రువు అనే అరిగిపోయిన మాటను ఈ నవల మళ్లీ అంటోందా? మొదటిసారి నాకు అలాగే అనిపించి మనసు నొచ్చుకుంది. తర్వాత, ఈ దృశ్యాలన్నీ మనకు చూపిస్తున్నది ఎవరో గుర్తుకొచ్చింది. తన చేతులు శుభ్రంగా ఉన్నాయని నమ్మవలసిన అగత్యం ఉన్న మగవాడు చూపిస్తున్నాడు. తల్లి తిట్టింది, మాలతి తిట్టింది అని చెప్పేటప్పుడు తాను ఎక్కడ నిలబడి ఉన్నాడో అతను సాధ్యమైనంత తక్కువగా చెబుతాడు. ఈ వాదనతో నా అభ్యంతరం చాలావరకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, ఎందుకంటే అనిత మనసులోకి ఒక్క పుట అయినా మనకు ప్రవేశం దొరికి ఉంటే ఈ వాదన చేయవలసిన అవసరమే ఉండేది కాదు.

ఈ పుస్తకం ఎవరికి నచ్చుతుందన్న విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. మలుపులు కోరేవారికి, కుటుంబ కథలో కన్నీళ్లు కోరేవారికి ఇది నప్పదు. ఇందులో ఏడ్చేవారు దాదాపు లేరు. ఉమ్మడి సంసారంలో పెరిగి, ఒకే మనిషి సంపాదన మీద పదిమంది బతికిన ఇంట్లో ఎవరి ముందు ఏ మాట అనకూడదో చిన్నప్పుడే నేర్చుకున్నవారికి మాత్రం ఇది ఊపిరాడనివ్వకుండా చేస్తుంది.

అనువాదం గురించి ఒక మాట. పేరూర్ ఇంగ్లీషు వాక్యం పొడిగా, పొదుపుగా, కథకుడి గొంతుకు తగినట్టు ఉంది. అప్ప (నాన్న), అమ్మ, చిక్కప్ప (బాబాయి) అనే పిలుపులను ఆయన మార్చకుండా ఉంచారు. దూరదేశపు పాఠకుడు అలవాటు చేసుకోవలసిన ఆ పిలుపులు మనకు ఇంటి పిలుపులే. మన ఇబ్బంది వేరే చోట ఉంది. చదువుతున్నప్పుడు నేను కొన్ని పేరాలను మనసులో తెలుగు చేసుకుంటూ పోయాను, పోయేకొద్దీ ఒకే ఒక్క సర్వనామం దగ్గర ఆగిపోతూ వచ్చాను. ఇప్పటి కన్నడంలో ‘నావు’ అంటే మేమూ కావచ్చు, మనమూ కావచ్చు, ఇంగ్లీషులోనూ అంతే. తెలుగు ఆ వెసులుబాటు ఇవ్వదు. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. కొత్త కోడలి ఎదుట ఇంటి పద్ధతుల మాట వచ్చినప్పుడల్లా, వ్యాపారం మాట వచ్చినప్పుడల్లా, ఆ అత్త నోట, ఆ ఆడపడుచు నోట, చివరికి ఆ భర్త నోట ఏ మాట పెట్టాలో తేల్చుకోవలసి వచ్చింది. ‘మన ఇంట్లో’ అనిపించడానికి ప్రతిసారీ ప్రయత్నించాను. రెండు మూడు చోట్ల తప్ప అది వాక్యంలో కుదురుకోలేదు. ‘మా ఇంట్లో’ అనగానే అతికినట్టు కూర్చుంది. ఆఖరి పుటల్లో కథకుడు కాఫీ హౌస్ బల్ల దగ్గర కూర్చుని ఇంట్లోవాళ్లను తలచుకుంటున్నప్పుడు కూడా నాకు ‘మేము’ అనే వచ్చింది. అప్పటికి అనిత ఇంట్లో లేదు.